జామగి ఆరిపోతే ఈటె: కరిసల్ నేలలో నిప్పూ తడీ

మా ఇళ్లలో ఇంకా అప్పుడప్పుడు వినిపించే కొన్ని తెలుగు మాటలకు ఇప్పుడు వస్తువులు కనబడవు. జామగి, రంజకం, గజం అలాంటివే. జామగి అంటే తుపాకి పేల్చడానికి రగిలించి పెట్టుకునే తాడు. రంజకం అంటే తుపాకి చెవి దగ్గర పోసే మెత్తటి మందు. గజం అంటే గొట్టంలో మందూ గుండూ దట్టించే కడ్డీ. ఈ మూడింటితో పనిచేసే తుపాకిని భుజాన వేసుకుని మనవాళ్లు వేటకు పోయారు, పొలాలు కాశారు, పాలెగాళ్ల కొలువులో యుద్ధాలూ చేశారు. ఆ తుపాకి సరిగ్గా అక్కర పడ్డ గడియలో పేలకపోతే ఏమయ్యేది? అప్పుడు దేన్ని నమ్ముకునేవాళ్లు? ఈసారి ఆ సంగతే రాస్తున్నాం.

ముందు నేల గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నిలబడింది. కోవిల్‌పట్టి, ఎట్టయపురం, ఒట్టపిడారం, సాత్తూరు, శివకాశి, విరుదునగర్ అన్నీ కలిపి కరిసల్ సీమ, అంటే నల్లరేగడి నేల. వాన తక్కువ. పడే వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. తక్కిన రోజులన్నీ ఎండే. వరికి పనికిరాని ఆ ఎండే పత్తికీ, తూత్తుకుడి ఉప్పు మడులకూ, ఆ తర్వాత అగ్గిపెట్టెలకూ పెట్టుబడి అయింది. ఇక్కడ బతకడమంటే వస్తువును పొడిగా ఉంచుకోవడం తెలిసి ఉండడమే.

మనవాళ్లు ఈ నేలకు వచ్చింది విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోనూ. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై రాజ్యాన్ని 72 పాళెయాలుగా ఏర్పాటు చేశాడని చరిత్ర చెబుతుంది. ఈ దిక్కున వాటిలో చాలావాటిని ఏలింది తెలుగు మాట్లాడే ఇళ్లవాళ్లే. వాళ్లతోపాటు రాజకంబళంవాళ్లు, కమ్మవాళ్లు, రెడ్లు, రాజులు వచ్చి అడవి కొట్టి ఊళ్లు కట్టారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఈ వలస కథనే 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవలగా రాశారు. అది 1976లో వచ్చింది. అడవి కొట్టి ఊరు కట్టేవాడికి వేట సరదా కాదు. పందులు పైరు తొక్కుతాయి, నక్కలు మేకపిల్లల్ని ఎత్తుకుపోతాయి, దొంగలు మంద తోలుకుపోతారు. వాడి చేతిలో ఉన్న వస్తువు పనిచేయకపోతే ఆ రాత్రికి ఏదో ఒకటి పోయినట్టే.

జామగి తుపాకి ఎక్కడ మొండికేసేది?

జామగి తుపాకి చూడడానికి చాలా తేలికైన యంత్రం. సురేకారం నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన నూలుతాడో నారతాడో జామగి. దాని కొస రగిలిస్తే మంట లేకుండా నిప్పుకణికలాగా మెల్లగా కాలుతూ పోతుంది. ఆ కొసను తుపాకి మీదున్న వంకర ఇనుపముక్కకు బిగిస్తారు. ట్రిగ్గర్ నొక్కితే ఆ ముక్క వంగి, నిప్పుకొసను రంజకం గిన్నెలో ముంచుతుంది. రంజకం అంటుకుని, ఆ మంట చెవి రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. అప్పుడు గుండు బయటికి పోతుంది.

అంటే ఒక్క దెబ్బకు మూడు నిప్పులు వరసగా అందుకోవాలి. తాడు ఆరకుండా ఉండాలి, రంజకం తడవకుండా ఉండాలి, చెవి రంధ్రం మసితో పూడకుండా ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా చేతిలో మిగిలేది బరువైన ఇనుపగొట్టమే. చిన్న జల్లు పడినా తాడు కొస చల్లబడేది. గాలి గట్టిగా వీస్తే గిన్నెలోని రంజకం ఎగిరిపోయేది. ఒక్కోసారి గిన్నెలో రంజకం భగ్గుమనేది గానీ లోపలి మందుకు నిప్పు అందేది కాదు. వేటగాడి కళ్ల ముందు వెలుగూ పొగా తప్ప ఏమీ ఉండేవి కావు, జంతువు మాత్రం బెదిరి పారిపోయేది, లేదా మీదికే వచ్చేది. వీటన్నిటికంటే భయపడవలసింది ఆలస్యంగా పేలడం. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉంటే, పేలలేదు కదా అని తుపాకి దించి గొట్టంలోకి తొంగిచూసినవాడి ప్రాణం పోయేది.

మందు సంగతీ అంతే. తుపాకి మందులో సుమారు నాలుగింట మూడు వంతులు సురేకారం, తక్కినది బొగ్గూ గంధకమూ. మంచి సురేకారం అంత త్వరగా చెమ్మ పీల్చదు. కానీ పాత మట్టిలోంచి తీసి సరిగా శుద్ధి చేయని సురేకారంలో మామూలు ఉప్పులాంటి ఇతర లవణాలు కలిసి ఉంటాయి. ముసురు పట్టినప్పుడు ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారినట్టే ఆ మందూ చెమ్మ తాగి ముద్ద కట్టేది. బొగ్గు కూడా చెమ్మ పట్టేదే. అందుకే మందును కొమ్ముల్లోనో తోలుసంచుల్లోనో మూతి బిగించి ఉంచేవాళ్లు, ఎండ కాసినప్పుడు నిప్పుకు దూరంగా పరిచి ఆరబోసేవాళ్లు. వేటలో ఇంకొక చిక్కు ఉంది. రగులుతున్న తాడు కంపు కొడుతుంది, చీకట్లో ఎర్రగా కనబడుతుంది. పంది ముక్కుకు ఆ కంపు చాలు.

కుక్క తడిసినా పనిచేస్తుంది

ఇవన్నీ తెలిసినవాళ్లు కాబట్టే మనవాళ్లు వేటను తుపాకి ఒక్కదాని మీద పెట్టలేదు. ఈ సీమ వేటకు అసలు పనిముట్టు కుక్క. సన్నటి నడుము, పొడుగు కాళ్లు ఉన్న చిప్పిపారై, కన్ని జాతుల కుక్కలు కుందేలును బయలు నేల మీద తరిమి పట్టేవి. పందిని నిలవేయడానికి రాజపాళయం కుక్క. తపాలా శాఖ 2005లో మన దేశపు కుక్కల మీద విడుదల చేసిన నాలుగు బిళ్లల్లో రాజపాళయం కుక్క ఒకటి. కుక్కతోపాటు వలా, ఈటే, బల్లెమూ ఉండేవి. ఈ నాలుగింటికీ నిప్పుతో పని లేదు. జోరున వాన కురిసినా ఈటె మొన మొద్దుబారదు.

కట్టబొమ్మన్ వంశంవాళ్లు పాంచాలంకురిచ్చిలో కోట ఎందుకు కట్టారని అడిగితే ఈ ప్రాంతంలో చెప్పే కథ కూడా వేట కథే. సాలికుళం అడవిలో వేటకుక్కలు ఒక కుందేలును తరిమాయట. ఒకచోటికి రాగానే ఆ కుందేలు వెనక్కి తిరిగి కుక్కలనే తరిమిందట. ఆ నేలలో ఏదో పౌరుషం ఉందని అక్కడే కోట కట్టారని చెబుతారు. ఇలాంటి కుందేలు కథ మన దేశంలో ఇంకా చాలా కోటలకు, నగరాలకు ఉంది, హంపీ విజయనగరానికి కూడా ఇదే చెబుతారు. అందుకని దాన్ని చరిత్ర అనలేం. కానీ వేటగాళ్లు చెప్పుకునే కథ అని మాత్రం తెలుస్తుంది. ఎందుకంటే ఆ కథలో భయమంతా నమ్ముకున్న కుక్క తిరగబడి పరుగెత్తిన ఆ క్షణంలోనే ఉంది.

పాంచాలంకురిచ్చి: ఎవరి పరికరం ఎప్పుడు మొండికేసింది

వేటలో ఉన్న ఈ జాగ్రత్తే యుద్ధంలోనూ కనబడుతుంది. పాంచాలంకురిచ్చి పాలెగాళ్లు తెలుగు మాట్లాడే రాజకంబళంవాళ్లు, వాళ్ల కులదేవత జక్కమ్మ. గెట్టి బొమ్ము అనే తెలుగు పేరే కట్టబొమ్మన్ అయిందని చెబుతారు. పన్ను కట్టే విషయంలో కుంపిణీవాళ్లతో ముదిరిన తగువు చివరికి కోట మీదికి వచ్చింది. 1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్‌మన్ దళం పాంచాలంకురిచ్చి మీద పడింది. తలుపు పగలగొట్టి లోపల దూరాలన్న ఆ మొదటి ప్రయత్నం చెడిపోయింది, కుంపిణీ ఆఫీసర్లు కొందరు అక్కడే చనిపోయారు. వాళ్ల సమాధులు ఒట్టపిడారం దగ్గర ఇంకా ఉన్నాయి. పెద్ద ఫిరంగుల కోసం కుంపిణీవాళ్లు పాళయంకోట వైపు ఎదురు చూస్తుండగా కట్టబొమ్మన్ కోట వదిలి వెళ్లాడు. తర్వాత పుదుక్కోట్టై సీమలో పట్టుబడ్డాడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. కోవిల్‌పట్టి నుంచి తిరునల్వేలి పోయే దారిలోనే ఆ కయత్తారు ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా రాయాలి. ఎట్టయపురం పాలెగాళ్లూ తెలుగు మూలం ఉన్నవాళ్లే. వాళ్లు ఈ యుద్ధంలో కుంపిణీ పక్షాన నిలిచారు. మా తాతల తరాల్లో ఎవరు ఏ వైపు ఈటె పట్టారో ఇప్పుడు తేల్చడం మా పని కాదు. రెండు వైపులా మన మాటే వినిపించింది అన్నది మాత్రం దాచవలసిన సంగతి కాదు.

కట్టబొమ్మన్ పోయాక కథ ముగిసిందనుకున్నారు. 1801 ఫిబ్రవరి 2న అతని తమ్ముడు ఊమైదొరా, తక్కినవాళ్లూ పాళయంకోట చెరలోంచి తప్పించుకున్నారు. నేలమట్టం చేసిన కోటను చాలా కొద్దిరోజుల్లో మళ్లీ మట్టితో లేపారు. మేజర్ మెకాలే దళంతో వచ్చి చూసేసరికి ఎదురుగా కొత్త గోడ! అతని దగ్గర కోటగోడ పగలగొట్టే పెద్ద ఫిరంగులు లేవు. వెనక్కి పోక తప్పలేదు.

మళ్లీ బలగం కూడగట్టుకుని 1801 మార్చి 31న దాడి చేశారు. ఈసారి ఫిరంగులు ఉన్నాయి గానీ అవి బయలు యుద్ధానికి తెచ్చుకునే తేలిక రకాలు. రాతిగోడకు ఫిరంగి గుండు తగిలితే రాళ్లు పగిలి రాలతాయి. మట్టిగోడ అలా కాదు, గుండును మింగేసి ఊరుకుంటుంది. రోజంతా కాల్చి, ఇక చాలు గోడ విరిగింది అనుకుని సిపాయిలు ఆ గండిలోకి ఎక్కారు. పైకి ఎక్కినవాళ్లకు లోపలినుంచి చాలా పొడుగైన ఈటెలు ఎదురయ్యాయి. పొడిచేవాళ్లు గోడ చాటునే ఉండి పొడిచారు. ఎక్కినవాళ్లు ఎక్కినచోటే పడిపోయారు, దాడి చెదిరింది. ఆ యుద్ధంలో ఉన్న జేమ్స్ వెల్ష్ అనే కుంపిణీ సైనికాధికారి తర్వాత రాసిన జ్ఞాపకాల పుస్తకంలో ఈ ఈటెవాళ్ల తెగువను మెచ్చుకుంటూ రాశాడు.

తుపాకి, ఫిరంగి ఉన్నవాడికి అవి సరిపోని క్షణం వచ్చింది. ఈటె పట్టినవాడికి సరిగ్గా ఆ క్షణమే కలిసొచ్చింది. కోటలో తుపాకులు లేకపోలేదు. కానీ వాళ్లు చివరి కాపలాను నిప్పు అక్కరలేని పనిముట్టుకు అప్పగించారు. వేటలో తాతలు చేసింది కూడా అదే.

అయినా గెలవలేదు. కుంపిణీవాళ్లు రెండు నెలలు ఆగి, బలగమూ పెద్ద ఫిరంగులూ తెప్పించుకుని, కర్నల్ ఆగ్న్యూ నాయకత్వంలో 1801 మే 24న కోట పట్టుకున్నారు. ఆగగలిగినవాడు, పోయిన పరికరం చోట ఇంకొకటి తెప్పించుకోగలిగినవాడు గెలిచాడు. కోటలోవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఆ నవంబరులో ఊమైదొరను కూడా ఉరి తీశారు. కోటను నేలమట్టం చేశారు. ఇప్పుడు అక్కడ మనం చూసేది 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన స్మారక కోట.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఒక ప్రకటన చేశాడు. పాలెగాళ్ల సీమలో జనం ఆయుధాలు పట్టడం నేరమైంది. తుపాకులూ ఈటెలూ కుంపిణీకి అప్పగించవలసి వచ్చింది. తరతరాలుగా పొలానికి పోతూ భుజాన ఈటె వేసుకుని పోయినవాళ్లు ఆ తర్వాత కర్ర పట్టుకుని పోయారు. జామగి, రంజకం అనే మాటలు ఇళ్లలో వస్తువులు లేని మాటలుగా మారడం అప్పుడే మొదలైందని మేం అనుకుంటున్నాం.

ఈటె ఎదురుతిరిగిన రోజు

ఇప్పుడు కొంచెం దూరం పోవాలి. పాంచాలంకురిచ్చిని పట్టింది మద్రాసు సైన్యం, దాని సిపాయిల్లో తెలుగువాళ్లు, తమిళులు ఎంతోమంది. ఉత్తరాదిలో కుంపిణీ సిపాయికి తిలంగా అనే పేరు వచ్చిందంటేనే తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో తెలుస్తుంది. ఆ సైన్యమే నలభై ఏళ్ల తర్వాత నల్లమందు యుద్ధంలో చైనా దాకా పోయింది.

1841 మే నెలాఖరున గ్వాంగ్‌జౌ ఊరి బయట, సాన్‌యువాన్‌లీ దగ్గర, చుట్టుపక్కల గ్రామాల జనం ఈటెలూ గునపాలూ పట్టుకుని వేలమంది మూగారు. ఆకాశం ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ పిడుగుల వానలో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీకి చెందిన ఒక కంపెనీ, సుమారు అరవైమంది, దండునుంచి విడిపోయి పొలాల్లో చిక్కుకుంది. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. జామగి లేకుండా చెకుముకి రాయి ఇనుముకు తగిలి నిప్పురవ్వ రాల్చే రకం. రవ్వ రాలినా రంజకం తడిస్తే ఏం లాభం? తుపాకులు పేలలేదు. సిపాయిలు నాలుగు వైపులా ముఖాలు పెట్టి గుమిగూడి, తుపాకి కొస బాకులతోనే గ్రామస్థుల పొడుగు ఈటెలను ఆపుకుంటూ నిలబడ్డారు. ఒకరు చనిపోయారు, పదిమందికి పైగా గాయపడ్డారు. చీకటి పడ్డాక వెతుక్కుంటూ వచ్చిన రెండు కంపెనీల మెరైన్లు వాళ్లను బయటికి తెచ్చారు. మెరైన్ల తుపాకులు ఆ వానలోనూ పేలాయి, ఎందుకంటే అవి కొత్త రకం, టోపీ తుపాకులు.

టోపీ తుపాకిలో బయట పోసే రంజకమే ఉండదు. చిన్న రాగి టోపీలో అంటుకునే మందు ఉంటుంది. సుత్తి దాని మీద పడితే రవ్వ నేరుగా లోపలికి పోతుంది. గాలికి ఎగరదు, జల్లుకు తడవదు. ఈ తేడా ఎంతో అప్పటికే లెక్క కట్టి ఉంది. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాలనూ అన్ని వాతావరణాల్లో ఆరేసి వేలసార్లు పేల్చి చూశారు. చెకుముకి తుపాకి 922 సార్లు మొండికేసింది, టోపీ తుపాకి 36 సార్లే. అంటే పాత తుపాకి సుమారు ఆరేడు దెబ్బలకు ఒకసారి యజమానిని నట్టేట వదిలేది. ఆ లెక్క తేలిన ఏడేళ్లకు కూడా మద్రాసు సిపాయి చేతిలో పాత తుపాకే ఉంది. దాని ఖరీదు ఆ వానలో అతనే చెల్లించాడు.

పాంచాలంకురిచ్చిలో ఈటెల ముందు పడిపోయింది ఏ సైన్యమో, సాన్‌యువాన్‌లీలో ఈటెల మధ్య చిక్కిందీ అదే సైన్యం. మన పిల్లలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలని మా కోరిక. వీరత్వం గురించి కథలు చాలా ఉన్నాయి. రంజకం తడిసిన గడియలో ఏ పక్షం వీరుడైనా ఒక్కటే అని చెప్పే కథలు తక్కువ.

తూటా వచ్చాక కూడా

టోపీ తర్వాత తూటా వచ్చింది. మందు, గుండు, రవ్వ పుట్టించే టోపీ మూడూ ఒకే గొట్టంలో. ఇక భయం లేదనుకున్నారు. కానీ వేట తుపాకుల తూటాలు చాలాకాలం అట్టతో చేసినవే. ముసురు పట్టిన రోజుల్లో ఆ అట్ట చెమ్మ తాగి ఉబ్బేది. ఉబ్బిన తూటా తుపాకిలో దూరదు. ఎలాగో దూర్చి పేలిస్తే బయటికి రాదు, రెండో దెబ్బ వేయడానికి వీలుండదు. అందుకే వానసీమల్లో వేటాడేవాళ్లు ఇత్తడి తూటాలు కోరుకునేవాళ్లు. పల్లెల్లో లైసెన్సు మీద పైరు కాపలాకు ఉంచుకున్న నాటు తుపాకులు మాత్రం చాలాకాలం గజంతో దట్టించేవే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట చట్టప్రకారం ముగిసింది. అది ముగియవలసిందే. ఇప్పుడు ఈ సీమలో వేట మిగిలింది గుళ్లలోనే. దేవుడు పారువేటకు బయలుదేరతాడు, వెంట జనం నడుస్తారు. అహోబిలంలో నరసింహస్వామి పారువేటకు ఊరూరా తిరుగుతాడు, ఇక్కడ కూడా ఆ పేరే, ఆ పండగే.

నిప్పును అమ్మిన సీమ

ఆయుధాలు పోయిన సీమకు నిప్పు ఇంకో రూపంలో తిరిగొచ్చింది. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల మొదట్లో కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చి, 1923లో శివకాశిలో ఆ పరిశ్రమ పెట్టారు. అక్కడినుంచి అది సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ పాకింది. తక్కువ వాన, ఎక్కువ ఎండ, ఏడాదిలో సగం రోజులు పొలంలో పని దొరకని చేతులు ఉన్నచోట అది నిలదొక్కుకుంది.

అగ్గిపుల్ల కూడా ఒక చిన్న తుపాకే. తలలో పొటాషియం క్లోరేటు, గంధకం, వాటిని పట్టి ఉంచే జిగురు. పెట్టె పక్కన ఎర్ర భాస్వరం, గాజుపొడి. పుల్లకు ముందే మైనం పట్టించి ఉంటారు, తల మంట పుల్లకు అందేందుకు. రాపిడికి భాస్వరం రవ్వ పుట్టించాలి, తల అందుకోవాలి, మైనం అందుకోవాలి, చివరికి పుల్ల కాలాలి. మళ్లీ ఆ వరసే, మళ్లీ తడే శత్రువు. జిగురు చెమ్మ తాగితే తల మెత్తబడి గీసినప్పుడు రాలిపోతుంది. పక్కన పూత తడిస్తే పుల్ల జారిపోతుంది గానీ రవ్వ పుట్టదు. అందుకే తలలు ముంచాక పుల్లల్ని ఆరనివ్వడంలోనే పనితనమంతా ఉంది. ఐప్పసి ముసురులో ఆరడం ఆగితే పనీ ఆగుతుంది, ఆ వారం కూలీ ఆగుతుంది. ఆ పని చేసిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. పుల్ల ఆరిందో లేదో వేళ్లతో ముట్టుకుని చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పాత రోజుల్లో తుపాకి మందు ఆరబోసినవాడి తెలివి అదే.

ఇందులో సిగ్గుపడవలసిన భాగమూ ఉంది. చాలా ఏళ్లు ఈ పెట్టెలు నింపింది పిల్లల చేతులు. 1996లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల గురించి గట్టి తీర్పు ఇచ్చింది. ఇంకొకటి, ఆరిన మందు మొండికేయదు, కానీ అక్కరలేని గడియలో అంటుకుంటుంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి పక్కన ముదలిపట్టిలో బాణసంచా కార్ఖానాలో జరిగిన పేలుడులో ముప్పైమందికి పైగా చనిపోయారు. తడిస్తే పని పోతుంది, మరీ ఆరితే ప్రాణం పోతుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారిలో ఈ సీమ నూరేళ్లు నడిచింది.

పొడి నేల తడిసినప్పుడు

2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలయింది. అంతకుముందు పధ్నాలుగేళ్లు అది పెరగలేదు. పారేసే ప్లాస్టిక్ లైటర్లు వచ్చి అగ్గిపెట్టె స్థలాన్ని తినేస్తున్నాయి. ఇరవై రూపాయలకన్నా తక్కువ ఖరీదు లైటర్ల దిగుమతిని ప్రభుత్వం 2023లో నిషేధించింది. పుల్లకు లైటర్‌కు మధ్య ఎవరు మిగులుతారో కాలమే చెప్పాలి.

అదే ఏడాది డిసెంబరు 17, 18 తేదీల్లో ఈ సీమ ఎన్నడూ చూడని వాన చూసింది. కాయల్‌పట్టినంలో ఒక్కరోజులో సుమారు 95 సెంటీమీటర్లు. ఆ సీమలో ఏడాది మొత్తం పడే వాన కంటే అది ఎక్కువ. శ్రీవైకుంఠంలో రైలు కట్ట కొట్టుకుపోయి, తిరుచెందూరు నుంచి చెన్నై పోయే రైలు సుమారు ఎనిమిది వందలమందితో ఆగిపోయింది. వాళ్లలో చాలామంది రెండు రోజులు అక్కడే ఉండిపోయారు. చుట్టూ ఊళ్లలో కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, తూత్తుకుడి మడుల్లో ఉప్పు కరిగిపోయింది. చేతిలో ఉన్న ఫోను సరిగ్గా అక్కర పడ్డ గడియలో నల్లటి పలక అయింది. సాన్‌యువాన్‌లీ సిపాయి తుపాకి చూసుకున్నట్టు జనం ఫోన్లు చూసుకున్నారు.

పొడిగా ఉండడమే తన బలం అనుకున్న నేలకు అది ఒక హెచ్చరిక. అన్ని పనులకూ ఒక్క వస్తువును నమ్ముకుంటే, ఆ ఒక్కటీ మొండికేసిన రోజు మన దగ్గర ఏమీ ఉండదు. పాత వేటగాడు జామగి తుపాకి తీసుకున్నా ఈటె ఇంట్లో వదిలి పోలేదు, కుక్కను కట్టేసి పోలేదు. పాంచాలంకురిచ్చివాళ్లు తుపాకులు ఉన్నా గండి దగ్గర ఈటెలు నిలిపారు. మద్రాసు సిపాయికి మాత్రం ఇంకొకటి ఎంచుకునే వీలు ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి మన ఇళ్లలో చేయదగిన పనులు కొన్ని చెబుతాం. వానకాలానికి ముందు ఒక అగ్గిపెట్టెను గట్టి మూత ఉన్న డబ్బాలో, వీలైతే నాలుగు బియ్యపు గింజలతో కలిపి, అటక మీద పెట్టండి. ఒక టార్చి, దానికి బ్యాటరీలు విడిగా ఉంచండి. దగ్గరివాళ్ల ఫోను నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి. పొలం బావి దగ్గర మోటారు ఉన్నా తాడూ బకెట్టూ ఉండనివ్వండి. ఇక ఇంటి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని జామగి, రంజకం, గజంలాంటి మాటలు ఇంకేమైనా ఉన్నాయేమో అడిగి, అర్థంతో సహా రాసి పెట్టండి. ఆ మాటలు తెలిసినవాళ్లలో చాలామందికి ఇప్పటికే ఎనభై దాటింది.